తలుపుల మాట

మా పిన్నికి అసూయ ఎక్కువ. ఇది నేను చాటుగా అంటున్న మాట కాదు, ఆవిడే ఒప్పుకుంటుంది. "నాకు కుళ్ళు ఎక్కువే. ఉంటే ఉందిలే, ఎవరి సొమ్మేం తిన్నాను" అంటుంది. అయితే ఆ కుళ్ళు ఊరందరిమీదా కాదు, ఒక్క మనిషిమీద. ఆ మనిషి మా ఎదురు గదిలో పుట్టి పెరిగింది. నవ్వితే ఎడమ బుగ్గలో సొట్ట పడేది కాబట్టి అందరూ ఆమెని సొట్టబుగ్గ అనే పిలిచేవారు.

మేముండేది మూడంతస్తుల పాత భవనం. అంతస్తుకి ఆరు గదులు, గదికొక కుటుంబం, నడుమ మెట్లు. రెండో అంతస్తులో మెట్లకి ఎడమ పక్కది మా గది, కుడి పక్కది సొట్టబుగ్గ వాళ్ళది. ఆ గదిలోనే వంట, ఆ గదిలోనే పడక, ఆ గదిలోనే తగువులు. మా అమ్మమ్మ, అమ్మ, పిన్ని, నేను. మా నాన్న లారీమీద తిరిగేవాడు కనక ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. పిన్ని పెళ్ళి చేసుకోలేదు. రెండు సంబంధాలొస్తే రెండూ ఆవిడే వద్దంది. ఒకాయన మరీ మెల్లగా మాట్లాడాడట, రెండో ఆయన అసలు మాట్లాడలేదట.

పిన్నికి ఎనిమిదేళ్ళప్పుడు టీవీవాళ్ళు ఒక సినిమా మొదలుపెట్టారు. అందులో కథ ఉండదు, పాటలుండవు. రకరకాల ఇళ్ళలోంచి నలుగురు పిల్లల్ని ఎంచుకుని, మీరేం తింటారు, ఎక్కడ పడుకుంటారు, పెద్దయ్యాక ఏమవుతారు అని అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చూపించడం. ఏడేళ్ళకోసారి వచ్చి ఆ నలుగురినే మళ్ళీ తీయడం. మిల్లు యజమాని కొడుకు ఒకడు, వాణ్ణి మా మెట్లమీద మేడబాబు అనేవాళ్ళు. డాక్టరుగారమ్మాయి ఒకతె, గుమాస్తాగారబ్బాయి ఒకడు. నాలుగో బిడ్డ మాలాంటి ఇంట్లోంచి కావలసి వచ్చింది.

అలా మా వీధి బడికి తెల్లటోపీ పెట్టుకున్న ఒకాయన వచ్చాడు. సినిమా తీసేది ఆయనే. పంతులమ్మ మూడో తరగతిలోంచి ఇద్దరు ఆడపిల్లల్ని లేపింది. గడుసు మాటలన్నీ మా పిన్నివి కనక ఆవిణ్ణి లేపింది. నవ్వితే ముద్దుగా ఉంటుంది కనక సొట్టబుగ్గని లేపింది. ఇది మా అమ్మ చెప్పే లెక్క. పిన్ని లెక్క వేరు. "దేవుడు దాని బుగ్గకో చిల్లు పెట్టాడు, అది గొప్పదైపోయింది. నేను రోజుకి ఎనభై చిల్లులు పెడతాను, నన్నడిగినవాడు లేడు" అనేది పెద్దయ్యాక. దుస్తుల వర్క్‌షాపులో కాజాలు కుట్టడం ఆవిడ పని. గుండీ దూరే చిల్లు చుట్టూ చేత్తో, పోగు పక్కన పోగు, సందు కనపడకుండా కుట్టాలి.

ఆ రోజు హెడ్మాస్టరు గది బయట మెట్లమీద ఇద్దరినీ కూర్చోబెట్టారు. ఏమడుగుతారో పంతులమ్మ ముందే చెప్పి ఉంచింది. పెద్ద ఇళ్ళలో పిల్లలకి ఉన్నవేమిటి, మీకు లేనివేమిటి అని అడుగుతారు, బుద్ధిగా చెప్పండి అంది. సొట్టబుగ్గ సైకిలు అని చెబుదామనుకుంది. పిన్ని కాసేపు ఆలోచించి తలుపులు అంది. తలుపులేమిటే అని సొట్టబుగ్గ నవ్వితే, పిన్ని విడమరిచి చెప్పింది.

"వాళ్ళింట్లో గదికో తలుపుంటుంది. ఎవరిమీదైనా అలిగితే లోపలికెళ్ళి తలుపేసుకుంటారు. మనకి ఉన్నది ఒకటే తలుపు. అలిగితే వీధిలోకే పోవాలి."

తర్వాత ఇద్దరినీ లోపలికి పిలిచారు. ముందు పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టారు. మొహంమీద పెద్ద లైటు, ఎదురుగా నల్లటి పెట్టె, చుట్టూ తెలియని మనుషులు. పిన్ని నాలుక నోట్లో అతుక్కుపోయింది. ఏమడిగినా "తెలీదండి" అంది. నాలుగుసార్లు అడిగారు, నాలుగుసార్లూ తెలీదండి అంది. తర్వాత సొట్టబుగ్గ కూర్చుంది. తలుపుల మాట పొల్లు పోకుండా చెప్పి, చివర్లో నవ్వింది. బుగ్గన సొట్ట పడింది. అంతే, అయిపోయింది.

సినిమా వచ్చాక ఆ మాట ఊళ్ళు పట్టుకు తిరిగింది. పత్రికలు పెద్దక్షరాలతో వేశాయి. ఎవరో మంత్రి సభలో అన్నాడట. పేదల ఇళ్ళ గురించి ఎక్కడ మీటింగు జరిగినా వెనక గుడ్డమీద రాసేవారట: అలిగితే వీధిలోకే పోవాలి. ఎదురు గదికి ఎక్కడెక్కడినించో ఉత్తరాలు, బొమ్మలు, స్వెట్టర్లు, పుస్తకాలు వచ్చిపడ్డాయి. పోస్టుమాన్ మా గుమ్మం ముందునించే అటు వెళ్ళేవాడు.

సినిమాలో పిన్నికి మిగిలింది ఒక జడ, ఒక మోచెయ్యి. సొట్టబుగ్గ బడికి నడిచి వస్తుంటే పక్కన కనపడేవి ఆ రెండే.

ఆ మాట నాది అని పిన్ని అమ్మమ్మతో చెప్పుకుని ఏడ్చింది. అమ్మమ్మ అసలే పనిలో ఉంది. నువ్వన్నావో అదందో, రెండు నోళ్ళూ ఒకే మెట్టుమీద కూచున్నాయి కదా, ఎవరిదైతేనేం అంది. పిన్ని అలిగింది. వేసుకోవడానికి ఇంకో తలుపు లేదు కనక నిజంగానే వీధిలోకి వెళ్ళి, మంచినీళ్ళ పంపు పక్కన చీకటి పడేదాకా కూర్చుంది. వెతుక్కుంటూ వచ్చింది సొట్టబుగ్గే. కొత్త బొమ్మల్లో ఒకటి పట్టుకొచ్చి ఇచ్చింది. పిన్ని ఆ బొమ్మ తీసుకోలేదు. ఆ రోజునించి సరిగ్గా మాట్లాడటమూ మానేసింది. పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆ కాస్తా కూడా పోయింది.

పదిహేనేళ్ళప్పుడు రెండో సినిమా వచ్చింది. అప్పటికి సొట్టబుగ్గ ఊరవతల మంచి బళ్ళో చదువుతోంది. మొదటి సినిమా చూసి మనసు కరిగిన ఒక పెద్దావిడ చేర్పించింది. పిన్ని అప్పటికే బడి మానేసి వర్క్‌షాపులో చేరింది. దారానికి మైనం రాయడం, సుద్దతో గుర్తు పెట్టడం నేర్చుకుంటోంది. ఇరవై రెండేళ్ళప్పుడు మూడో సినిమా, అందులో సొట్టబుగ్గ పెళ్ళి. అదీ చూసి ఒక చెప్పుల షాపు యజమాని పిలిచి కౌంటరు దగ్గర ఉద్యోగం ఇచ్చాడు. కూర్చోవడానికి కుర్చీ, నెత్తిన ఫ్యాను. పిన్ని ఆ షాపు ముందునించి వెళ్ళాల్సి వస్తే వీధి దాటి అవతలి పక్కన నడిచేది.

అయినా ఒక్క సినిమా కూడా వదల్లేదు. కింది అంతస్తులో గడియారాలు బాగుచేసే ఆయన షాపులో టీవీ ఉండేది. సినిమా వచ్చే సాయంత్రం అందరికన్నా ముందు వెళ్ళి ముందు వరసలో కూర్చునేది. నేను ఆవిడ ఒళ్ళో కూర్చుని చూశాను మూడోది. చుట్టూ జనం మేడబాబు గుర్రాలు చూసి నోళ్ళు వెళ్ళబెడుతుంటే, పిన్ని సొట్టబుగ్గ ఎప్పుడొస్తుందా అని పళ్ళు బిగించి చూసేది. వచ్చాక ఆ జాకెట్టు రంగు ఒంటికి నప్పలేదని, నవ్వు మునుపటిలా లేదని, పక్కనున్న మొగుడు బిగుసుకుపోయిన కర్రలా ఉన్నాడని నా చెవిలో అంటూనే ఉండేది.

ఇప్పుడు తలుచుకుంటే నాకొకటి తోస్తుంది. ఆ షాపులో అంతమందిమి ఉండేవాళ్ళం కదా, మేడబాబుని చూసి ఒక్కరికీ కడుపు మండలేదు. అతని ఇల్లు, తోట, చదువు, పడవ ప్రయాణాలు చూసి ముచ్చటపడ్డారు, నవ్వుకున్నారు, పిల్లలకి చూపించారు. ఎండమీదా వానమీదా ఎవరైనా కుళ్ళుకుంటారా, అలాగే. మండిందల్లా ఎదురు గది పిల్లకి కుర్చీ, ఫ్యాను వచ్చినందుకు. పిన్ని ఒక్కతే కాదు, మెట్లమీద సగంమంది అలాగే ఉండేవారు. పైకి అన్నది మాత్రం పిన్ని ఒక్కతే.

ఇరవై తొమ్మిదో ఏట జరిగిన సంగతి చెప్పాలి. నాలుగో సినిమా కోసమని సొట్టబుగ్గ కొత్త కోటు కుట్టించుకుంది. పిన్ని పనిచేసే వర్క్‌షాపుకే గుడ్డ తెచ్చి, కాజాలు మా ఎదురింటి పిల్లచేతే కుట్టించండి మాస్టారూ, ఆ చెయ్యి మంచిది అని చెప్పి వెళ్ళింది. ఆ చివరి మాట గుడ్డలు కత్తిరించే మాస్టారు వచ్చి పిన్నికి చేరవేశాడు. పిన్ని ఒళ్ళు మండిపోయింది. మెచ్చుకోవడానికి ఇదెవరు అనుకుంది. ఆరు కాజాలు. ఐదు తీర్చినట్టు కుట్టింది. పైనించి రెండోది మాత్రం ఒక ఆవగింజంత తక్కువ కోసి కుట్టింది. చూస్తే తెలియదు. గుండీ పెట్టబోతేనే తెలుస్తుంది.

సినిమా నాడు పిన్ని పక్కనే ఉన్నాను, నాకు పన్నెండేళ్ళు. టీవీలో సొట్టబుగ్గ కిటికీ దగ్గర కూర్చుని మాట్లాడుతోంది. ఇల్లు బాగానే ఉంది, ఆయన బాగానే చూసుకుంటాడు అంటోంది. అంటూ రెండో గుండీ పెట్టుకోబోయింది, దూరలేదు. ఇంకాసేపటికి మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ దూరలేదు. చివరికి వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పిన్ని నా భుజం పట్టుకుంది, గోళ్ళు దిగాయి. నవ్వుతోంది.

మర్నాడు గడియారాలాయన పత్రిక చదివి వినిపించాడు. పెట్టుకోలేకపోయిన ఆ గుండీ గురించి సగం పేజీ రాశారు. పైకి బాగానే ఉందంటున్న ఒక ఇల్లాలి గుండెల్లో ఏముందో ఆ వేళ్ళు చెప్పేశాయట. చూసినవాళ్ళు కంటతడి పెట్టారట. వారం తిరక్కుండా ఎదురు గదికి, ఆమె కన్నవాళ్ళింటికి, మళ్ళీ ఉత్తరాలు మొదలయ్యాయి. తొడుక్కోమని మూడు కొత్త కోట్లు కూడా వచ్చాయి. పిన్ని అన్నం మానేసింది. "నేను కుళ్ళుతో కుట్టినా దానికే కలిసొచ్చింది" అని మా అమ్మతో చెప్పుకుంది. ఆ కాజా సంగతి మా ఇంట్లో అప్పుడే తెలిసింది. అమ్మ ముక్కున వేలేసుకుంది.

అయితే ఆ పత్రిక రాసింది అబద్ధం కాదని తర్వాత తేలింది. రెండేళ్ళకి సొట్టబుగ్గ మొగుడు ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె రెండు గదుల ఇల్లు ఖాళీ చేసి, మళ్ళీ మా ఎదురు గదికి, వాళ్ళమ్మ దగ్గరికి వచ్చేసింది. ఆ వార్త తెలిసిన రోజు పిన్ని రెండు ముద్దలు ఎక్కువే తిందని మా అమ్మ దెప్పేది. పిన్ని కాదనేది కాదు.

ముప్పై ఆరో ఏట తెల్లటోపీ ఆయన మళ్ళీ వచ్చాడు. టోపీ అదే, మనిషే ముసలివాడయ్యాడు. రెండంతస్తులు ఎక్కి ఎదురు తలుపు కొట్టాడు. సొట్టబుగ్గ లోపలికి రానివ్వకుండానే చెప్పింది, ఈసారి నేను లేనండి, నా మొగుడు వెళ్ళిపోయిన సంగతి ఊరందరి ముందూ కూర్చుని చెప్పలేను అని. ఆయన బతిమాలాడు. ఆమె మెల్లగా తలుపు వేసుకుంది. ఆయన ఆయాసపడుతూ మెట్లమీద నిలబడిపోతే, మా గదిలోంచి పిన్ని కుర్చీ తెచ్చి వేసింది. మంచినీళ్ళిచ్చింది. ఆయన ఆవిణ్ణి కాసేపు పరీక్షగా చూసి, మొదటి సినిమాలో ఆమె పక్కన నడిచిన పిల్ల మీరే కదూ అని అడిగాడు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరూ అడగని మాట అది.

స్నేహితురాలి గురించి మీరైనా రెండు ముక్కలు చెబుతారా అన్నాడాయన. పిన్ని వెంటనే ఒప్పుకుంది. రెండు రోజులు అద్దం ముందునించి కదల్లేదు. మా అమ్మ జాకెట్టు ఇస్త్రీ చేసి పెట్టింది. వర్క్‌షాపులోనే తీశారు. కిటికీ కింద ఆవిడ కూర్చునే బల్ల, సుద్దముక్కలు, దారపు రీళ్ళు, వేలికి ఇనప తొడుగు, అన్నీ ఉన్నవున్నట్టే ఉంచమన్నారు. ఈసారి నాలుక అతుక్కోలేదు. గంట సేపు మాట్లాడింది. సొట్టబుగ్గ గురించి చెప్పింది తక్కువ. ఆఖర్న తల ఎత్తి, తలుపుల మాట నాదండి అంది. మెట్లమీద నేను చెప్పాను, లోపలికెళ్ళి అది చెప్పింది అంది.

తెల్లటోపీ ఆయన నమ్మాడో లేదో తెలియలేదు. పాత రీళ్ళన్నీ దాచే ఉంచాను, ఆ రోజు మిమ్మల్ని తీసింది కూడా ఉండాలి, వచ్చే వారం స్టూడియోకి వస్తే చూద్దాం అన్నాడు.

తోడుగా నేను వెళ్ళాను. కిటికీలు లేని చిన్న గది, మూడు కుర్చీలు, గోడకి తెర. లైటు తీసేశారు. తెరమీద ఎనిమిదేళ్ళ పిల్ల కనపడింది. రెండు జడలు, ఊడిపోతున్న రిబ్బను, కుర్చీ అంచున కూర్చుని కాళ్ళు ఊపుతోంది. పిన్ని తన చిన్నప్పటి మొహం చూడటం అదే మొదలు. మా ఇంట్లో అప్పటి ఫొటో ఒక్కటీ లేదు. ఆయన గొంతు అడిగింది. తెలీదండి అంది పిల్ల. మళ్ళీ అడిగింది. తెలీదండి.

మూడోసారీ అంతే. నాలుగోసారి అడిగాక, తెరమీద కనపడని చోటునించి ఇంకో పిల్ల గొంతు వినపడింది.

"చెప్పవే. ఇందాక తలుపుల మాట చెప్పావుగా. అది చెప్పు."

ఎవరో ఉష్ అన్నారు. ఆ గొంతు ఆగలేదు. "అది బాగుందే, చెప్పవే. గదికో తలుపుంటుందని చెప్పు" అంటోంది. కుర్చీలో పిల్ల అటు తిరిగి చూసింది. కళ్ళనిండా నీళ్ళు. ఇటు తిరిగి మళ్ళీ తెలీదండి అంది. రీలు అక్కడికి అయిపోయింది.

లైటు వేశారు. తెల్లటోపీ ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ పిల్ల అలా మధ్యలో మాట్లాడటం చూసే ఆమెని ఎంచుకున్నాను, ఏం మాట్లాడిందో అప్పుడు చెవిన పెట్టలేదమ్మా, తప్పు నాది అన్నాడు. మాట మీదేనని అందరికీ తెలిసేలా ఈ ముక్క కొత్త సినిమాలో పెడతాను, మీకు సమ్మతమేనా అని అడిగాడు. పిన్ని తల ఊపింది. ఇంటికొచ్చాక మెట్లమీదే కూలబడింది.

"అది నాకు అందించిందే. ఆ కంగారులో నాకేం గుర్తులేదు, నేనే అందుకోలేదు" అంది. నేను ఓదార్చబోయాను. ఆవిడ నా చెయ్యి తోసేసి, ఎదురు తలుపు వంక చూస్తూ గొంతు తగ్గించింది. "దానికి అన్నీ ఉన్నాయి. చదువుంది, ఉద్యోగముంది, పేరుంది. ఇప్పుడు మంచితనం కూడానా? నాకేం మిగిల్చింది?"

అంతవరకూ పిన్ని కుళ్ళుకి ఒక ఆధారం ఉండేది. నా మాట అది కాజేసింది అనుకుంటే గుండె కాస్త చల్లబడేది. ఆ రోజుతో ఆధారం పోయింది, కుళ్ళు మాత్రం ఉండిపోయింది.

ఐదో సినిమా వచ్చింది. గడియారాలాయన షాపులో ఆ సాయంత్రం నిలబడటానికి చోటు లేదు. పిన్ని నాలుగు నిమిషాలు కనపడింది. రీలు ముక్క కూడా వేశారు. జనం చప్పట్లు కొట్టి, ఇన్నేళ్ళు కడుపులో ఎలా దాచుకున్నావమ్మా అన్నారు. వర్క్‌షాపులో మాస్టారు రెండు రోజులు గౌరవంగా మీరు అన్నాడు. పిన్ని మొహం వెలిగిపోయింది. అయితే ఆ వెలుగు వారం నిలవలేదు. సగంమంది సొట్టబుగ్గ మనసు బంగారం, ఆ వయసులోనే తోటిపిల్లకి అందివ్వాలని చూసింది అని మళ్ళీ ఆమెనే మెచ్చుకున్నారు. మిగతా సగంమంది ఇంకొకళ్ళ మాటమీద బతికేసింది అని ఆమెని తిట్టారు. చెప్పుల షాపుకి వచ్చినవాళ్ళు చెప్పులు తొడుక్కుంటూ, ఆ మాట నీది కాదటగా అని నవ్వేవారట.

ఒక మధ్యాహ్నం సొట్టబుగ్గ వర్క్‌షాపుకి వచ్చింది. పిన్నికి భోజనం పట్టుకెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. ఆమె వచ్చి బల్లకి ఇవతల నిలబడింది. నవ్వు లేదు. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఆ మాట నీదని టీవీలో చెప్పావట."

"నాదే కదా" అంది పిన్ని, సూదివైపు చూస్తూ.

"నీదే. నేనెప్పుడైనా కాదన్నానా? ఎదురు గదిలో ఉన్నావు. ఏ రోజైనా తలుపు కొట్టి, ఏమే, అది నా మాటే అంటే పోయేది. వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు నేనే చెప్పేదాన్ని. నాకు చెప్పలేదు. ఊరికి చెప్పావు."

సొట్టబుగ్గ బల్లమీదున్న చొక్కా ఒకటి తీసి, కాజా వేలితో తడిమి చూసింది.

"కోటు సంగతి కూడా నాకు తెలుసు. ఇంటికెళ్ళి చూసుకుంటే మిగతా ఐదింట్లో గుండీ నీళ్ళలా దూరుతోంది. నీ చేతికి తప్పు పడదని నాకు తెలీదా? ఎవరికీ చెప్పలేదు. నాతో మాటలు మానేసి ఏళ్ళయిపోయింది, పోనీ ఇలాగైనా ఏదో ఒకటి అందిలే అనుకున్నాను."

చొక్కా మడతపెట్టి యథాస్థానంలో పెట్టి వెళ్ళిపోయింది. పిన్ని ఆ పూట క్యారేజీ విప్పలేదు, అన్నం అలాగే చల్లారిపోయింది. సాయంత్రం ఇంటికొస్తూ, అలా మడతపెట్టడం కూడా ఆ చెప్పుల షాపులోనే నేర్చుకునుంటుంది అంది.

తర్వాత ఏడాదిన్నర ఇద్దరూ మెట్లమీద ఎదురుపడితే తలలు దించుకునే వెళ్ళేవారు. మా అమ్మ రాజీ చేయాలని చూసింది. ఇద్దరిలో ఎవరూ సాగనివ్వలేదు. అంతలో తెల్లటోపీ ఆయన పోయాడని కబురొచ్చింది. సినిమా ఇంక లేదు, ఐదోదే ఆఖరిది అన్నారు. టీవీవాళ్ళు సంతాపసభ పెట్టి మా మెట్లకి రెండు ఉత్తరాలు పంపారు. ఒకటి కుడి తలుపుకి, ఒకటి ఎడమ తలుపుకి. జీవితంలో మొదటిసారి పోస్టుమాన్ పిన్ని పేరు పిలిచి ఉత్తరం ఇచ్చాడు.

ఒకే బస్సెక్కాం. పిన్ని, నేను వెనక సీట్లో, సొట్టబుగ్గ ముందు సీట్లో. సభలో ఆ నలుగురు పిల్లలకీ, అంటే నలభైకి దగ్గరపడ్డవాళ్ళకి, మొదటి వరస. పిన్నికి మూడో వరస. కూర్చుంటూనే వరసలు లెక్కపెట్టి మూతి తిప్పింది. డాక్టరుగారమ్మాయి రెండు ముక్కలు చెప్పి దిగిపోయింది. గుమాస్తాగారబ్బాయి రాలేదు. సొట్టబుగ్గ మాట్లాడనని చేతులు జోడించింది. మేడబాబు మాట్లాడాడు. చిన్నప్పుడు మిగతా ముగ్గురినీ టీవీలో చూసి, వాళ్ళతో ఆడుకోవాలని ఎంత ఏడ్చేవాడో చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు కూడా. జేబురుమాలు తీసి అద్దుకున్నాడు. హాలంతా కళ్ళు తుడుచుకుంది. పిన్ని నావైపు వంగి, ఏడుపు కూడా ఎంత బాగా నేర్పించారో చూడు అంది. నాకు తెలిసి అతనిమీద ఆవిడకి కుళ్ళు కలగడం అదే మొదటిసారి.

సభ అయ్యాక అతనే పిన్ని దగ్గరికి వచ్చాడు. ఆవిడ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు ఏదో చెప్పాడు. పిన్ని తల ఊపుతూనే ఉంది కాని అతని మొహం చూడలేదు. చూపంతా అతని కోటుమీదే. బయటికి రాగానే చరచరా నడిచి బస్సెక్కి, సొట్టబుగ్గ పక్కన ఖాళీగా ఉన్న సీట్లో కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను. కాసేపు ఇద్దరూ కిటికీలోంచి చూశారు. ముందు సొట్టబుగ్గే, అతను బాగా మాట్లాడాడు కదా అంది.

"మాటల సంగతి వదిలెయ్. ఆ కోటు కాజాలు చూశావా?"

చూడలేదంది ఆమె.

"చేత్తో కుట్టినవి. పోగు పక్కన పోగు, వెంట్రుక దూరే సందు లేదు. లోపల సన్నటి తాడు పెట్టి దానిమీద కుట్టారు, అందుకే అలా ఉబ్బి నిలబడ్డాయి. నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి. ఇరవై మూడేళ్ళనించి కుడుతున్నాను, అలాంటిది ఒక్కటి కుట్టలేదు. ఎవరే కుట్టింది?"

నీకంటే బాగానా అని అడిగింది సొట్టబుగ్గ. పిన్ని, నాకంటే బాగానే అంది. ఆ మాట ఆవిడ నోట వినడం నాకూ కొత్తే. సొట్టబుగ్గ నవ్వింది, సొట్ట పడింది. ఆ ఇంటి డ్రైవరు మా షాపులోనే చెప్పులు కొంటాడు, కనుక్కోనా అంది. కనుక్కో అంది పిన్ని. అది ప్రాణంమీదికి వచ్చిన విషయమైనట్టు, రేపే కనుక్కో అని ఇంకోసారి అంది.

మర్నాడు వర్క్‌షాపులో ఒకే కాజాని మూడుసార్లు విప్పి కుట్టింది. మాస్టారు గొణిగాడు. వారం తర్వాత కబురు సొట్టబుగ్గే తెచ్చింది. మా గుమ్మంలో నిలబడి చెప్పింది: నదికవతల కోట్లు కుట్టే ఒక షాపు వెనక గదిలో డెబ్భై ఏళ్ళ ముసలాయన కుడతాడట. సెలవు రోజున పిన్ని ఒక్కతే వెళ్ళింది. సాయంత్రానికి వచ్చి చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, గోడకి చేరగిలబడింది. నేను ఏమైందని అడిగాను.

"దారానికి మైనం రెండుసార్లు రాస్తాడు. రాసి, వేడి ఇస్త్రీపెట్టెకింద లాగుతాడు. అదీ అసలు కిటుకు" అంది. "అంతే కాదులే. చేతులు వణుకుతున్నాయి ఆయనకి, సూది మాత్రం వణకదు" అని ఒప్పుకుని, మైనం ముద్ద ఎక్కడ పెట్టామో వెతకమంది.